దొడ్లో గడ్డికి ఏ మెషీన్: బ్యాటరీదా, పెట్రోల్‌దా?

మృగశిర చినుకులు పడ్డ పది రోజులకల్లా మా దొడ్లో గరిక చీలమండ దాటేస్తుంది. ఇంకో రెండు వారాలు పట్టించుకోకపోతే తుంగ మోకాలికొస్తుంది, గోడ వార వయ్యారిభామ పూతకొస్తుంది. సరిగ్గా అవే ఊడ్పుల రోజులు. పొలం పని వదులుకుని మన దొడ్డి గడ్డి కోయడానికి మనిషెవరూ రారు, రమ్మనడం న్యాయమూ కాదు. అక్కణ్ణుంచి పైడితల్లి సిరిమానోత్సవం దాకా, అంటే అక్టోబరు వరకూ, ఎన్నిసార్లు కోసినా గడ్డి లేస్తూనే ఉంటుంది.

అందుకే ఏటా ఈ కాలంలో తెలిసినవాళ్ళు నన్ను ఒకటే అడుగుతారు: "బ్యాటరీ మెషీన్ తీసుకోమంటావా, పెట్రోల్‌దా?" నేను రెండూ వాడుతున్నాను. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు మా ఇంటి దొడ్డి 9 సెంట్లు. కవిటి దగ్గర అత్తవారి కొబ్బరి, జీడితోట అరెకరం పైచిలుకు. ఇంటి దగ్గర బ్యాటరీది, తోటలో పెట్రోల్‌ది. ఒకదాని పని రెండోదానితో చేయించబోయి దెబ్బతిన్నాను కాబట్టి ఈ నాలుగు మాటలూ వివరంగా రాస్తున్నాను.

## ముందు మీ గడ్డి సంగతి చూడండి

షాపువాడు మొదట అడిగేది "ఎంత స్థలం?" అని. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు గడ్డి ఎంత ఎదిగాక కోస్తారు అన్నది. పది పన్నెండు రోజులకోసారి, గడ్డి జానెడు లోపు ఉండగానే కోసేవాళ్ళకి 10 సెంట్లున్నా బ్యాటరీ మెషీన్ చాలు. రెండు నెలలకోసారి ఊరొచ్చి కోసేవాళ్ళకి 3 సెంట్లున్నా అది చాలదు. మెషీన్‌ని అలిసిపోయేలా చేసేది స్థలం కాదు, ముదిరిన కాడ.

గడ్డి రకం కూడా చూసుకోవాలి. గరిక, లేత తుంగ, చిన్న చిన్న ఆకు మొక్కలైతే మెషీన్ తలలో గిరగిరా తిరిగే నైలాన్ తాడు తెగ్గొట్టేస్తుంది. ముదిరిన వయ్యారిభామ, ఉత్తరేణి, తంగేడు, జీడిచెట్ల కింద లేచిన పొదలు ఉంటే తాడు చాలదు, ఇనుప బ్లేడు కావాలి. ఇనుప బ్లేడు తిప్పాలంటే ఇంజన్‌కి బలముండాలి, మెషీన్‌కి రెండు చేతుల హ్యాండిలు, భుజానికి బెల్టు ఉండాలి.

ఇక మూడోది, చాలామంది ఆలోచించనిది: ఆ మెషీన్ పట్టుకునేది ఎవరు? కొన్నది మీరే అయినా, మీరు డ్యూటీకో వేరే ఊరికో వెళ్తే ఇంట్లో ఉన్న నాన్నగారో అమ్మో పట్టుకోవాలి. మా అమ్మకి 64 ఏళ్ళు. పెట్రోల్ మెషీన్ స్టార్టింగ్ తాడు ఆవిడ లాగలేదు. బ్యాటరీది మాత్రం తులసికోట చుట్టూ, నూతి గట్టు చుట్టూ తనే కోసేస్తుంది.

పాడైతే ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది నాలుగోది. డబ్బు అయిదోది. డబ్బుని చివర పెట్టడానికి కారణముంది, అది తర్వాత చెప్తాను.

## బ్యాటరీ మెషీన్లు

బజార్లో వీటి మీద 18 వోల్టులు, 20 వోల్టులు, 21 వోల్టులు అని వేర్వేరుగా రాసి ఉంటుంది. ఈ మూడూ ఒకటే. లోపల వరసగా అయిదు లిథియం సెల్లులుంటాయి. సెల్లుకి 3.6 వోల్టుల చొప్పున లెక్కేస్తే 18. ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు సెల్లుకి 4.2 చొప్పున లెక్కేస్తే 21. ఒక కంపెనీ మొదటి లెక్క రాస్తుంది, ఇంకోటి రెండో లెక్క రాస్తుంది. 36, 40 వోల్టుల సంగతీ అంతే, రెండిట్లోనూ పది సెల్లులే. కొన్ని చవక మెషీన్ల బ్యాటరీ మీద 88, 98 అని పెద్ద అంకెలు ఉంటాయి. అరచేతిలో ఇమిడే బ్యాటరీలో అన్ని సెల్లులు పట్టవు. ఆ అంకె చూసి మోసపోకండి.

చూడాల్సింది వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో (బ్యాటరీ మీద Ah అని ఉంటుంది) గుణిస్తే వచ్చే అంకె. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లు అయితే 72 వాట్ అవర్లు. గడ్డి కోసేటప్పుడు మోటారు 300 వాట్లు లాగిందనుకుంటే ఆగకుండా తిప్పితే 14 నిమిషాలు వస్తుంది. మనం ఆగుతూ, ట్రిగ్గర్ వదుల్తూ కోస్తాం కాబట్టి లేత గడ్డికి 20, 25 నిమిషాలు వస్తుంది. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లదానికి దీనికి రెట్టింపు. డబ్బా మీద "60 నిమిషాలు" అని రాసుంటే అది గడ్డి తగలకుండా గాల్లో తిప్పిన లెక్క అనుకోవడం మంచిది.

మా 9 సెంట్లలో ఇల్లూ నుయ్యీ పోను గడ్డి ఉండేది 5 సెంట్లు. దానికి చిన్న బ్యాటరీలు రెండు కావాలి. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, మొదటిది ఛార్జింగులో పెడతాను. ఒక్క బ్యాటరీతో కొంటే సగం దొడ్డి కోసి మిగతా సగం వైపు చూస్తూ గంటసేపు కూర్చోవాలి. కాబట్టి ధర అడిగేటప్పుడు రెండు బ్యాటరీలతో కలిపి అడగండి.

కోసేటప్పుడు చెవి మోటారు మీద ఉంచాలి. గరికలో సన్నగా, ఒకే శ్రుతిలో పాడుతూ పోతుంది. తుంగ దుబ్బు తగిలిందంటే ఆ గొంతు ఒక్కసారిగా దిగిపోతుంది. అప్పుడు ఇంకా లోపలికి నెట్టకూడదు. ట్రిగ్గర్ వదిలి, దుబ్బుని పైనుంచి కిందికి రెండు మూడు విడతలుగా కోయాలి. నెడుతూనే ఉంటే మోటారు, బ్యాటరీ రెండూ కాగిపోయి దానంతటదే ఆగిపోతుంది. మే నెల ఎండలో అలా వేడెక్కిన బ్యాటరీని ఛార్జర్ కూడా వెంటనే తీసుకోదు, చల్లారే దాకా ఆగాల్సిందే.

దీని లాభాలు దొడ్లోనే తెలుస్తాయి. బరువు 3 కిలోల చుట్టూ. పొగ లేదు, బట్టలకి పెట్రోల్ వాసన లేదు. పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోతున్నా కోసుకోవచ్చు. ట్రిగ్గర్ వదిలితే చటుక్కున ఆగుతుంది. నాకు అన్నిటికంటే నచ్చినది, బద్ధకం పుట్టనివ్వదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పావుగంట కోసి లోపలికి పోవచ్చు. పావుగంట పని కోసం పెట్రోల్ మెషీన్ ఎవరూ బయటికి తీయరు. అలా వాయిదా పడే కొద్దీ గడ్డి ముదురుతుంది.

నష్టం ఒక్కటే, కానీ పెద్దది: బ్యాటరీ శాశ్వతం కాదు. మంచి బ్యాటరీ అయినా కొన్నేళ్ళకి పట్టు తగ్గుతుంది, కొత్తదాని ధర ఒక్కోసారి మెషీన్ ధరలో సగం ఉంటుంది. పేరులేని కంపెనీదైతే మూడేళ్ళ తర్వాత అదే నమూనా బ్యాటరీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇంట్లో అప్పటికే ఏదైనా కంపెనీ బ్యాటరీ డ్రిల్ ఉంటే అదే కంపెనీ గడ్డి మెషీన్ తీసుకోండి, రెండిటికీ అవే బ్యాటరీలు పడతాయి. కార్తీకం తర్వాత దాచేటప్పుడు బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ పెట్టకండి. సగం ఛార్జింగుతో, రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో చల్లగా ఉన్న చోట పెడితే ఎక్కువ కాలం వస్తుంది.

## పెట్రోల్ మెషీన్లు

మనవైపు వీటినే బ్రష్ కట్టర్ అంటారు. ఇందులో మళ్ళీ రెండు జాతులు. టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్.

టూ స్ట్రోక్‌లో పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. 43 సీసీ, 52 సీసీ అని చవకగా దొరికేవి ఎక్కువగా ఇవే. ఆయిల్ ఎంత కలపాలో మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. టూ స్ట్రోక్ కోసం అమ్మే ఆయిలే వాడాలి, బైకు ఇంజన్‌లో పోసే ఆయిల్ దీనికి పనికిరాదు.

ఈ ఒక్క విషయంలో జరిగిన నష్టం చెప్పాలి. నాలుగేళ్ళ కిందట తోటలో నేనూ మా తోడల్లుడూ కలిసి ఒక టూ స్ట్రోక్ మెషీన్ వాడేవాళ్ళం. ఆరోజు సీసాలో కలిపిన పెట్రోల్ అయిపోయింది. తొందరలో బైకులోంచి తీసిన ఉత్త పెట్రోల్ పోసి మొదలెట్టాం. పది నిమిషాలు బాగానే తిరిగింది, ఇంకా చురుగ్గా తిరుగుతోందని కూడా అనుకున్నాం. తర్వాత ఊపు తగ్గింది, ఆగిపోయింది. స్టార్టింగ్ తాడు లాగితే రాయిని లాగినట్టుంది. పలాసలో మెకానిక్ సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి పిస్టన్ చూపించాడు. నిలువునా గీతలు. "దీన్లో ఆయిలేటి పోసినారు బాబూ?" అన్నాడు. పెట్రోలొక్కటే పోశాం అన్నాను. ఆయన ఆ గీతల మీద గోటితో ఒకసారి రాసి, సైలెన్సర్ మళ్ళీ బిగించేశాడు. బాగుచేయించే ఖర్చుకి ఇంకొంచెం కలిపితే కొత్తది వస్తుందన్నాడు. ఇంట్లో పదిమంది చేతులు పడే మెషీన్ అయితే టూ స్ట్రోక్ వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. ఆయిల్ కలపడం ఎవరో ఒకరు, ఏదో ఒకరోజు మరిచిపోతారు.

ఫోర్ స్ట్రోక్‌లో ఆ గొడవ లేదు. బైకులాగే పెట్రోల్ వేరు, ఆయిల్ వేరు. హోండా జీఎక్స్35 ఇంజన్‌తో వచ్చేవి మనవైపు తోటల్లో బాగా వాడుతున్నారు. అది 35.8 సీసీ, లోపల పట్టే ఆయిల్ 100 మిల్లీలీటర్లే. అంత కొంచెం ఆయిల్ కాబట్టి ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు మట్టం చూసుకోవాలి. మొదటి 10 గంటలకి ఒకసారి, ఆ తర్వాత 50 గంటలకో, ఆరు నెలలకో మార్చాలి. పొగ తక్కువ, మోత కాస్త మెత్తన. ధర మాత్రం మామూలు టూ స్ట్రోక్‌కి రెండు మూడు రెట్లు ఉంటుంది. అయినా తోట ఉన్నవాళ్ళకి ఇదే మంచిదంటాను.

ఏ జాతిదైనా పెట్రోల్ మెషీన్ పాడయ్యేది పనిచేసి కాదు, పనిలేక. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలిలో చెమ్మకి లోటు లేదు. రెండు మూడు నెలలు ట్యాంకులో వదిలేస్తే కార్బ్యురేటర్‌లో జిగురు పడుతుంది, రబ్బరు గొట్టాలు పాడవుతాయి. సంక్రాంతికి కోసి, మళ్ళీ జూన్‌లో బయటికి తీసి, తాడు యాభైసార్లు లాగినా స్టార్ట్ అవ్వలేదంటే కారణం ఇదే. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టంలో మిగిలిన పెట్రోల్ అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా తిప్పి పక్కన పెట్టాలి. రెండు నిమిషాల పని, ఒక సర్వీసింగు ఖర్చు మిగులుతుంది.

బరువు 7 నుంచి 9 కిలోలు, వీపుకి తగిలించుకునేవి ఇంకా ఎక్కువ. అరగంట కోస్తే చేతులు తిమ్మిరెక్కుతాయి. చెవి దగ్గర మోత 100 డెసిబుల్స్ దరిదాపుల్లో ఉంటుంది, చెవులకి ఏదో ఒకటి పెట్టుకోకుండా కోయకండి. ఇన్ని ఉన్నా, జీడితోటలో దీనికి సాటి లేదు. మార్చిలో పిక్కలు రాలే ముందు చెట్ల కింద నేల శుభ్రంగా ఉంటేనే రాలిన ప్రతి పిక్కా కంటపడుతుంది. ఆ పొదల్ని ఇనుప బ్లేడుతో గంటల తరబడి కోయడం బ్యాటరీదాని వల్ల కాదు. నేను ప్రయత్నించి, ఒక ప్లాస్టిక్ బ్లేడుల పొట్లం మొత్తం ఒక్క పూటలో విరగ్గొట్టుకున్నాను.

## వైరుతో నడిచేవి

ఇవి చవక, తేలిక, బ్యాటరీ దిగులు లేదు. కానీ మన గడ్డంతా వానాకాలంలోనే. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ వైరు ఈడ్చుకుంటూ, గిరగిరా తిరిగే తాడు పక్కనే ఆ వైరు ఉండటం నాకు భయం. పాత ఇళ్ళలో సరైన ఎర్తింగు కూడా ఉండదు. చిన్న దొడ్డి, పొడి రోజు, బోర్డులో కరెంటు లీకైతే ఆపే బ్రేకరు ఉన్నవాళ్ళు తప్ప వీటి జోలికి వెళ్ళకండి.

## నాలుగూ పక్కపక్కన

| | చిన్న బ్యాటరీ (18–21 వోల్టులు) | పెద్ద బ్యాటరీ (36–40 వోల్టులు) | టూ స్ట్రోక్ | ఫోర్ స్ట్రోక్ |
|---|---|---|---|---|
| గడ్డి ఉండే స్థలం | 5 సెంట్ల లోపు | 15 సెంట్ల దాకా | ఎంతైనా | ఎంతైనా |
| ఎలాంటి గడ్డి | గరిక, లేత తుంగ | మోకాలెత్తు గడ్డి, లేత కాడలు | ముదురు కాడలు, పొదలు | ముదురు కాడలు, పొదలు |
| తాడు మందం | 1.6 మిల్లీమీటర్ల చుట్టూ | 2 చుట్టూ | 2.4, ఇనుప బ్లేడు కూడా | 2.4, ఇనుప బ్లేడు కూడా |
| పెద్దవాళ్ళు పట్టగలరా | పట్టగలరు | కాస్త బరువు | కష్టం | కష్టం |
| ఊళ్ళో రిపేరు | కష్టం | కష్టం | బైకు మెకానిక్ కూడా చూస్తాడు | బైకు మెకానిక్ కూడా చూస్తాడు |
| ఎక్కువ పాడయ్యేది | బ్యాటరీ | బ్యాటరీ | ఆయిల్ పొరపాటు, కార్బ్యురేటర్ | కార్బ్యురేటర్ |

రిపేరు గడి దగ్గర ఒక్క మాట. నా బ్యాటరీ ఛార్జర్ వారంటీలో ఉండగానే చచ్చిపోతే విశాఖ దాకా వెళ్ళి రావాల్సి వచ్చింది, రెండుసార్లు. ఇచ్ఛాపురం నుంచో సోంపేట నుంచో అయితే అది పూర్తిగా ఒక రోజు పని. కొనేటప్పుడే సర్వీసు ఎక్కడో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

## డబ్బు లెక్క

"పెట్రోల్ ఖర్చు మిగులుతుంది కదా" అని బ్యాటరీది కొనేవాళ్ళున్నారు. లెక్క వేసి చూద్దాం. ఇంటి దొడ్డికి ఏడాదికి పన్నెండుసార్లు, ప్రతిసారీ ముప్పావుగంట అనుకుంటే మొత్తం 9 గంటలు. గంటకి ముప్పావు లీటరు చొప్పున 7 లీటర్ల లోపు. లీటరు 110 రూపాయలనుకున్నా ఏడాదికి 800 దాటదు. బ్యాటరీకి కరెంటు ఖర్చు చెప్పుకోవాల్సినంత కూడా ఉండదు, 144 వాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి యూనిట్‌లో అయిదో వంతు కూడా పట్టదు. కానీ అలా ఏటా మిగిలిన 800ని నాలుగైదేళ్ళకి కొత్త బ్యాటరీ మింగేస్తుంది. కాబట్టి దొడ్డి వరకూ ఇద్దరిదీ సమానమే, డబ్బు చూసి తేల్చుకోవాల్సిన విషయం కాదిది. తోటలో ఏడాదికి 40, 50 గంటలు కోసేవాళ్ళకి పెట్రోల్ ఖర్చు బరువే, కానీ వాళ్ళకి అంత పని చేసే బ్యాటరీల ధర అంతకంటే బరువు. తోట పాసుపుస్తకం ఉన్నవాళ్ళు కొనే ముందు రైతు సేవా కేంద్రంలో యంత్రాల రాయితీ సంగతి అడిగి చూడండి.

## ఎవరికి ఏది

విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి లాంటి పట్నాల్లో ఇంటి ముందు రెండు మూడు సెంట్లు గరికా, పూలమొక్కలూ ఉన్నవాళ్ళు చిన్న బ్యాటరీది తీసుకోండి. ఆలోచించక్కర్లేదు.

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్ళో అమ్మానాన్నా ఇద్దరే ఉన్న ఇళ్ళు మనవైపు ఎన్నో. అక్కడ పెద్ద బ్యాటరీది కొనిపెట్టి, గడ్డి లేతగా ఉండగానే కోయడం అలవాటు చేయండి. పెట్రోల్‌ది కొనిస్తే అది గోడకి చేరబడి ఉంటుంది, కొడుకు పండక్కి వచ్చినప్పుడు కార్బ్యురేటర్ విప్పుతాడు.

ఉద్దానంలో తోట ఉంటే ఫోర్ స్ట్రోక్. ఇల్లూ తోటా రెండూ ఉన్నవాళ్ళు తోటకోసం కొన్నదాంతోనే దొడ్డి కూడా కోసుకోవచ్చు కానీ, నా అనుభవంలో దొడ్డికి చిన్న బ్యాటరీది వేరే ఉంటేనే దొడ్డి శుభ్రంగా ఉంటుంది.

ఖాళీ ప్లాటు కొని పడేసినవాళ్ళు ఏదీ కొనకండి. వయ్యారిభామ పూతకి రాకముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి మెషీన్‌తో సహా మనిషిని గంట లెక్కన పిలిపించుకోండి. ఏడాదికి రెండుసార్లు తిప్పే పెట్రోల్ మెషీన్ ఎన్నాళ్ళో బతకదు.

తుపాను సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తర్వాత కరెంటు రోజుల తరబడి రాని ఊళ్ళు మనకి గుర్తే. అలాంటప్పుడు పెట్రోల్‌దే దిక్కు అనిపిస్తుంది. కానీ అప్పుడు బంకులూ పనిచేయవు. హెచ్చరిక రాగానే బ్యాటరీలు రెండూ నింపి పెట్టుకుంటే ఇంటి దారి వరకూ శుభ్రం చేసుకోవచ్చు, ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఛార్జరూ పెట్టుకోవచ్చు.

## ఏది కొన్నా ఇవి తప్పవు

లేత మామిడి, జామ మొక్కల మొదలు దగ్గర నైలాన్ తాడు తగలనివ్వకండి. బెరడు చుట్టూ ఒలిచేస్తే మొక్క నిలువునా ఎండిపోతుంది. కొబ్బరి మొక్కకి దెబ్బ తగిలితే ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. తోటలో అలా రెండు పిల్లచెట్లు పోయాకే మేం మొదళ్ళ చుట్టూ మూరెడు మేర కొడవలితోనే కోయడం మొదలెట్టాం.

తుంగకి ఏ మెషీనూ మందు కాదు. కింద గడ్డలుంటాయి, పైన కోస్తే వారంలో మళ్ళీ లేస్తుంది. వయ్యారిభామని తడి నేలలో వేళ్ళతో సహా, చేతికి తొడుగు వేసుకుని పీకడమే మేలు. పూత మీద ఉన్నదాన్ని మెషీన్‌తో కొడితే ఆ పుప్పొడి ఒళ్ళంతా పడి దద్దుర్లొస్తాయి.

మోకాళ్ళ దాకా బూట్లు, నిండు చేతుల చొక్కా, కళ్ళద్దాలు. పాము ఒక్కటే కాదు, స్క్రబ్ టైఫస్ తెచ్చే నల్లికంటే చిన్న పురుగులు గడ్డీ పొదల్లోనే ఉంటాయి. పని కాగానే స్నానం చేసి బట్టలు ఉతకేయాలి. కోసే ముందు దొడ్డంతా ఒకసారి నడిచి రాళ్ళు, తీగముక్కలు, పశువుల పలుపుల ముక్కలు ఏరేయండి. పలుపు ముక్క ఒకటి మెషీన్ తలకి చుట్టుకుంటే విప్పడానికి పావుగంట.

చివరగా నైలాన్ తాడు గురించి. కొని చాన్నాళ్ళయిన తాడు పెళుసెక్కి తగిలిన ప్రతి చోటా తెగిపోతుంది. కోయబోయే ముందు రాత్రి దాన్ని బకెట్ నీళ్ళలో వేసి ఉంచండి. నైలాన్ నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. మర్నాడు అదే తాడు, అదే మెషీన్ మీద, రెండింతలు వస్తుంది.